స్నేక్ ప్లాంట్‌తో వచ్చే తంటాలు: కొనే ముందు ఏం చూసుకోవాలి, కొన్నాక ఏం చేయాలి

పోయినేడు శ్రావణమాసంలో పండగకని ఇల్లు దులుపుతూ, హాల్లో ఉన్న స్నేక్ ప్లాంట్ ఆకు తుడుద్దామని పట్టుకున్నాను. ఆకు మొత్తం చేతికి వచ్చేసింది. మూడడుగుల ఆకు, పైనంతా పచ్చగా, బిర్రుగా ఉంది. కింద రెండంగుళాలు మాత్రం కుళ్లిన అరటిపండులా మెత్తగా ఉంది, ముక్కు మూసుకోవలసిన వాసన. పక్క ఆకు పట్టుకుంటే అదీ అంతే. ఎప్పుడు చచ్చిందో ఏమో, నేను మాత్రం రోజూ దాని పక్కనే కూర్చుని కాఫీ తాగుతూ మొక్క బాగుందనుకుంటున్నాను.

తులసికి ఒక రోజు నీళ్లు తప్పితే తల వాల్చేస్తుంది. మనీప్లాంట్ ఆకులు పండబార్చి గోల చేస్తుంది. ఇది నోరు విప్పదు. ఇంగ్లిషువాళ్లు దీనికి అత్తగారి నాలుక అని పేరెందుకు పెట్టారో గానీ, ఇంత నోరులేని మొక్కను నేను చూడలేదు. "అస్సలు చావదండీ, పట్టించుకోనక్కర్లేదు" అని అమ్మేవాళ్లు చెప్పేది సగమే నిజం. పట్టించుకోకపోతే బతుకుతుంది, నిజమే. కానీ చచ్చేటప్పుడు కూడా మనకు చెప్పదు. దీన్ని పెంచడంలో ఉన్న ఇబ్బందులు చాలావరకు అక్కడే మొదలవుతాయి. కొనేముందు నుంచి వదిలించుకునేదాకా, వరసగా ఏం చేయాలో చెబుతాను.

1. ఎందుకు కొంటున్నారో ముందు తేల్చుకోండి

"రాత్రిపూట ఆక్సిజన్ ఇస్తుంది, పడకగదిలో పెట్టుకోండి" అన్న మాట నమ్మి కొంటుంటే డబ్బులు జేబులోనే ఉంచుకోండి. ఈ మాట ఎక్కడ పుట్టిందో చెబుతాను. ఇది ఎండ ప్రాంతాల మొక్క, పుట్టిల్లు పశ్చిమాఫ్రికా. పగలు ఆకు రంధ్రాలు తెరిస్తే ఒంట్లో నీరంతా ఆవిరైపోతుందని, రాత్రి చల్లబడ్డాక తెరిచి కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని ఆమ్లం రూపంలో దాచుకుంటుంది. తెల్లారి వెలుతురు వచ్చాక దాంతో వంట చేసుకుంటుంది. నాగజెముడు, అనాస కూడా ఇదే పని చేస్తాయి. రాత్రి జరిగేది గాలి పీల్చుకోవడం మాత్రమే. ఆక్సిజన్ పుట్టాలంటే నీటి అణువు విడిపోవాలి, దానికి వెలుతురు కావాలి. చీకటి గదిలో ఏ మొక్కా ఆక్సిజన్ తయారు చేయలేదు.

ఇక రెండోది, గాలిని శుభ్రం చేస్తుందన్న మాట. 1989లో నాసా తరఫున వోల్వర్టన్ బృందం చేసిన పరీక్షల్లో ఈ మొక్క ఉన్నమాట, అది బెంజీన్, ఫార్మాల్డిహైడ్ లాంటి హానికరమైన ఆవిర్లను తగ్గించినమాట నిజమే. కానీ ఆ పరీక్ష చేసింది గాలి చొరబడని చిన్న పెట్టెల్లో. మన ఇళ్లలో తలుపు సందుల్లోంచి, కిటికీల్లోంచి గాలి వస్తూ పోతూనే ఉంటుంది. 2019లో అమెరికాలోని డ్రెక్సెల్ యూనివర్సిటీకి చెందిన కమింగ్స్, వారింగ్ అనే ఇద్దరు ఇలాంటి పాత పరీక్షలన్నీ ముందేసుకుని లెక్క కట్టారు. మామూలుగా ఇంట్లో ఆడే గాలి చేసే పని మొక్కలతో చేయించాలంటే చదరపు మీటరుకి 10 నుంచి 1000 మొక్కలు కావాలట. పన్నెండడుగులు, పదడుగుల పడకగది పదకొండు చదరపు మీటర్లు ఉంటుంది. అంటే తక్కువలో తక్కువ 110 కుండీలు. మంచం బయట వేసుకోవాలి. ఒక కిటికీ పావుగంట తెరిస్తే ఆ పని అయిపోతుంది.

చూడ్డానికి బాగుంటుందని కొంటుంటే మాత్రం నాకేం అభ్యంతరం లేదు. నేనూ అందుకే కొన్నాను. పాములు రావని కొనేవాళ్లూ ఉన్నారు. వాళ్లకొక్క మాట: పెరట్లో గుబురుగా పెరిగితే ఎలకలు దూరడానికి చోటు దొరుకుతుంది. ఎలకలున్న చోటికి ఎవరొస్తారో వేరే చెప్పక్కర్లేదు.

2. ఇంట్లో ఎవరెవరు ఉన్నారో చూసుకోండి

పిల్లి గానీ కుక్క గానీ ఉంటే ఇక్కడే ఆగి ఆలోచించండి. ఈ ఆకుల్లో సాపోనిన్లు ఉంటాయి. కుంకుడుకాయలో నురగనిచ్చేవీ ఇవే. నమిలితే పిల్లులకి, కుక్కలకి చొంగ కారడం, వాంతులు, విరేచనాలు అవుతాయి. ప్రాణం మీదికి రావడం అరుదే గానీ, చిన్న పిల్లికూన రెండు మూడుసార్లు కక్కుకుంటే నీరసపడిపోతుంది. కుక్కపిల్లలు పళ్లు వచ్చేటప్పుడు దేన్నయినా కొరుకుతాయి, బిర్రుగా నిలబడి ఉండే ఈ ఆకంటే వాటికి మరీ సరదా.

కొరికిందని తెలిస్తే నోట్లోని ముక్కలు తీసేసి, తాగడానికి నీళ్లు పెట్టి, వెటర్నరీ డాక్టరుకి ఫోన్ చేయండి. ఉప్పునీళ్లు పట్టించి కక్కించే ప్రయత్నం చేయకండి. మొక్క ఫోటో పంపండి. పేరు అడిగితే రెండూ చెప్పండి: పాత పుస్తకాల్లో సాన్సెవియెరియా అని ఉంటుంది, ఇప్పుడు శాస్త్రవేత్తలు దీన్ని డ్రసీనాల్లో కలిపేశారు. ఒక పేరుతో వెతికితే దొరకనిది రెండోదాంతో దొరుకుతుంది.

స్నేక్ ప్లాంట్ మానేసి మనీప్లాంటో కలబందో తెచ్చుకుందామంటే, అవీ పిల్లులకీ కుక్కలకీ పడవు. పిల్లి ఉన్న ఇంటికి అరేకా పామ్, స్పైడర్ ప్లాంట్, బోస్టన్ ఫెర్న్ నయం.

పాకే పిల్లలున్న ఇంట్లో విషం కన్నా నాకు భయం దాని మొనలంటే. ముఖ్యంగా గుండ్రటి కడ్డీల్లా పెరిగే రకం. దాన్ని జడలా అల్లి కూడా అమ్ముతుంటారు. ఒక్కో ఆకు చివర సూదిలా గట్టిగా ఉంటుంది, సరిగ్గా రెండేళ్ల పిల్లాడి కంటి ఎత్తులో. ఆ రకం కొనాల్సివస్తే అందనంత ఎత్తులో పెట్టండి. అన్నట్టు, ఆ జడ చూసి మోజు పడకండి. తర్వాత వచ్చే ఆకులు జడేసుకుని రావు.

3. చోటు ముందు చూసి, మొక్క తర్వాత కొనండి

"వెలుతురు అక్కర్లేదు" అన్నది రెండో అర్ధసత్యం. చీకటి మూలలో ఇది బతకదని కాదు. దాచుకున్నది తింటూ నెలల తరబడి నిలబడే ఉంటుంది. కొత్త ఆకు రాదు, వచ్చినా సన్నగా పీలగా వచ్చి పక్కకి వాలిపోతుంది. పైగా చీకట్లో నీళ్లు తాగదు కాబట్టి మట్టి ఆరదు, ఆరకపోతే కుళ్లు. పట్టపగలు లైటు వేయకుండా పేపరు చదవగలిగేంత వెలుతురు ఉన్న చోటు చూడండి.

తూర్పు కిటికీ దగ్గరైతే పొద్దుటెండ తగిలినా ఫరవాలేదు. పడమటి బాల్కనీలో రోహిణీ కార్తె ఎండకి మాత్రం ఆకు మీద తెల్లగా మచ్చలు పడి ఎండిపోతుంది. ఆ మచ్చ ఇక పోదు. ఈ మొక్కతో ఇదొక పెద్ద చిక్కు. ఆకు అడుగునుంచి పెరుగుతుంది, కొనకు తగిలిన దెబ్బ మానదు. కొన విరిగితే మళ్లీ రాదు, ఆ మచ్చతోనే ఆకు ఏళ్లపాటు మీ హాల్లో నిలబడుతుంది. అందుకే దాన్ని నడిచే దారిలో, తలుపు తగిలే చోట, ఫ్యాన్ గాలికి కర్టెన్ కొట్టుకునే చోట పెట్టకండి.

డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్నవాళ్లకి ఎండ కన్నా చలితో పేచీ. రాత్రి చలి 10 డిగ్రీల సెల్సియస్, అంటే 50 ఫారన్‌హీట్ కంటే కిందికి దిగకముందే బాల్కనీలోంచి లోపలికి తెచ్చేయాలి. చలి తగిలిన ఆకు నీళ్లలో ఉడికినట్టు మెత్తబడుతుంది, అదీ వారం తర్వాతే బయటపడుతుంది.

4. నర్సరీలో పట్టుకుని, ఊపి, అప్పుడు కొనండి

మొక్క ఎక్కడ కొన్నా, కడియపులంక దాకా వెళ్లి కొన్నా, పక్కవీధిలో తోపుడుబండి మీద కొన్నా, చూసే తీరొక్కటే. పైన ఆకు రంగు చూసి మురిసిపోకండి. మట్టిలో దిగే చోట ఆకు మొదలుని రెండు వేళ్లతో నొక్కండి. గట్టిగా ఉండాలి. కొంచెం మెత్తగా ఉన్నా వద్దు. మెల్లగా ఊపండి. కుండీతో సహా కదిలితే వేళ్లు పట్టినట్టు. ఆకు ఒక్కటే కదిలితే విడి ఆకులు నాటి ఇంకా వేళ్లు రానిదో, వేళ్లు పోయినదో.

ఆకు నూనె రాసినట్టు నిగనిగలాడుతుంటే మెరుపు కోసం ఏదో కొట్టారని అర్థం, ఇంటికి తెచ్చాక తడిగుడ్డతో తుడిచేయండి. ఆకులు కలిసే సందుల్లో తెల్లటి దూది పింజల్లాంటివి ఉంటే పిండినల్లి. ఎంత తక్కువకిస్తానన్నా తీసుకోకండి, ఇంట్లో ఉన్న మిగతా మొక్కలకి కూడా పాకుతుంది.

5. కుండీ, మట్టి మార్చండి

షాపుల్లో ఇది చాలావరకు కోకోపీట్‌లో, అంటే కొబ్బరిపీచు పొట్టులో వస్తుంది. తేలిగ్గా ఉంటుంది, మోయడానికి సులువని. కానీ కోకోపీట్ స్పాంజిలా నీళ్లు పట్టి ఉంచుతుంది. పైపైన ఆరినట్టు కనిపిస్తుంది, లోపల తడి అలాగే ఉంటుంది. ఎర్రమట్టి ముద్దలో వస్తే అదింకోరకం గోల. ఎండితే ఇటుకలా బిగుసుకుపోయి, పోసిన నీళ్లు లోపలికి దిగకుండా పక్కలనుంచి జారిపోతాయి.

తెచ్చిన వారం పదిరోజుల తర్వాత మార్చండి. సగం మామూలు తోటమట్టి, పావు వంతు గరుకిసుక, పావు వంతు చితక్కొట్టిన ఇటుకముక్కలు గానీ పెర్లైట్ అనే తేలికపాటి తెల్లటి గుళికలు గానీ, పైన ఒక గుప్పెడు వర్మీకంపోస్టు. పిడికిట్లో పట్టి పిండి వదిలితే ముద్ద విడిపోవాలి. అడుగున కంకర పరచడం చాలామంది చేస్తారు, దానివల్ల లాభం లేదు. నీరు కంకరలోకి దిగకుండా దానిపైనున్న మట్టిలోనే నిలుస్తుంది. చిల్లు మీద ఒక పెంకుముక్క బోర్లించండి, చాలు.

కుండీ మట్టిదైతే మేలు. గోడల్లోంచి తడి ఆరుతుంది, బరువుగా ఉండి మొక్కను ఆపుతుంది. మూడు నాలుగడుగుల ఆకులున్న మొక్కను తేలికపాటి ప్లాస్టిక్ కుండీలో పెడితే, పిల్లలు బంతాట ఆడేటప్పుడు ఒకసారి పడుతుంది. రెండోసారి లేవదు. సెరామిక్ కుండీకి చిల్లు లేకపోతే అందులో నేరుగా నాటకండి. చిల్లున్న చిన్న కుండీలో నాటి దాన్ని లోపల పెట్టుకోండి. నీళ్లు పోసేటప్పుడు బయటికి తీసి, కారడం ఆగాక మళ్లీ లోపల పెట్టండి. పోయినేడు నా మొక్క చచ్చింది చిల్లు లేని తెల్ల సెరామిక్ కుండీలోనే. కుండీ మాత్రం చాలా అందంగా ఉండేది.

6. నీళ్లు: క్యాలెండరు చూసి కాదు, పుల్ల చూసి

"వారానికోసారి పోయండి" అని ఎవరైనా చెబితే, ఏ ఊళ్లో, ఏ నెలలో అని అడగండి. మే నెల రామగుండంలో పదిరోజులకి ఆరిన మట్టి, ఆగస్టు విశాఖపట్నంలో నెలకి కూడా ఆరదు.

కొబ్బరి చీపురులోంచి ఒక ఈనె తీయండి. కుండీ అంచు పక్కగా అడుగు తగిలేదాకా గుచ్చి, ఐదు నిమిషాలుంచి బయటికి లాగండి. మట్టి అంటినా, వేలికి చల్లగా తగిలినా పోయకండి. పొడిగా, శుభ్రంగా వచ్చిందంటే ఇంకో మూడు రోజులాగి పోయండి. ఆ మూడు రోజులూ ఎందుకంటే, ఈ మొక్క ఎండి చచ్చే అవకాశం కన్నా కుళ్లి చచ్చే అవకాశమే చాలా ఎక్కువ. నిజంగా దాహమైతే ఆకు మీద నిలువుగా ముడతలు పడతాయి. అది ఒక్కటే ఇది ముందుగా చెప్పే మాట. అప్పుడు పోసినా కోలుకుంటుంది.

పోసేటప్పుడు చెంచాలతో కాకుండా, అడుగున కారేదాకా నిండుగా పోయండి. ఆకుల గుత్తి నడిమధ్యలో మాత్రం పోయొద్దు, నీళ్లు అక్కడ నిలిచి మొదలు కుళ్లుతుంది. అలవాటయ్యాక కుండీ ఎత్తి చూస్తేనే బరువుని బట్టి తెలిసిపోతుంది.

ఇంట్లో నీళ్లు పోసేది ఒక్కరే అయి ఉండాలి. ఇది వినడానికి చిన్న విషయం. మా ఇంట్లో నేను ఆదివారం పోసేదాన్ని, మా అత్తయ్యగారు పాపం ఎండిపోతోందని బుధవారం పోసేవారు, పనమ్మాయి మిగిలిన నీళ్లన్నీ అందులోనే వంపేది. ముగ్గురం ప్రేమగానే చంపాం.

వానాకాలంలో బాల్కనీ గోడ నుంచి లోపలికి జరపండి. కుండీ కింద పళ్లెం ఉంటే దానిమీద కన్నేసి ఉంచండి. డెంగీ తెచ్చే ఏడిస్ దోమకి ఆ గుక్కెడు నీళ్లు చాలు, గుడ్డు పెట్టిన వారం పదిరోజుల్లో దోమ ఎగురుతుంది. వారానికొక రోజు, శుక్రవారమే అనుకోండి, పళ్లెం వంపేసి అంచులు పీచుతో రుద్దండి. గుడ్లు అంచుకి అంటుకుని ఉంటాయి, నీళ్లు వంపితే పోవు.

7. దుమ్ము, పురుగు

వెడల్పాటి ఆకు కదా, రోడ్డుపక్క ఫ్లాటైతే వారానికే దుమ్ము పడుతుంది. గాలిలో దుమ్ము పీల్చేస్తుందని అమ్మిన మొక్కని మనమే తుడవాలి. పదిహేను రోజులకోసారి తడిగుడ్డతో, ఒక చేత్తో ఆకు వెనక ఆనించి కింది నుంచి పైకి తుడవండి. పిండినల్లి కనిపిస్తే స్పిరిట్‌లో ముంచిన దూదితో తీసేసి, లీటరు నీళ్లలో ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట కొట్టండి. వారానికోసారి, మూడు నాలుగు వారాలు.

పాత మొక్క ఎప్పుడైనా పూస్తే ఆశ్చర్యపోకండి. లేతాకుపచ్చ కలిసిన తెల్లటి పూలకంకి రాత్రి ఘుమఘుమలాడుతుంది, చిన్న గదిలో అయితే తలనొప్పి తెప్పించేంత. కంకి మీద జిగురు చుక్కలు కారతాయి, వెనకే చీమలు. గిట్టకపోతే కంకిని మొదట్లో కోసేయండి, మొక్కకేం కాదు.

8. కుండీ ఉబ్బితే, మొదలు కుళ్లితే

మట్టిలో దీని దుంపకాండం పసుపుకొమ్ములా పక్కలకి పాకుతుంది. ఏళ్లు గడిచాక ప్లాస్టిక్ కుండీ ఒకవైపు ఉబ్బుతుంది, మట్టికుండీ అయితే చీలుతుంది. ఉబ్బు కనిపించగానే బయటికి తీసి, గొడ్డలి పనిలేదు, పదునైన కత్తితో దుంపను విడదీయండి. ప్రతి ముక్కకీ కనీసం ఒక ఆకు, కొన్ని వేళ్లు ఉండాలి. రసం కొందరికి చర్మం మీద దురద పెడుతుంది, గ్లవ్స్ వేసుకోండి.

కుళ్లు కనిపిస్తే ఆ రోజే పని మొదలుపెట్టాలి. కుండీ బోర్లించి మట్టంతా దులపండి. మెత్తబడినవన్నీ, వాసనొచ్చేవన్నీ కోసేయండి. గట్టిగా, లోపల లేతరంగులో ఉన్న ముక్క వచ్చేదాకా కోయాలి, జాలి పడకూడదు. కత్తిని ప్రతి కోతకీ స్పిరిట్‌తో తుడవండి. మిగిలిన దుంపను నీడలో రెండు మూడు రోజులు ఆరబెట్టి, కొత్త పొడిమట్టిలో నాటి, వారం పదిరోజులు నీళ్లు పోయకండి. పాత మట్టిని వేరే కుండీల్లో వాడకండి.

దుంప మొత్తం పోయి ఆకు మాత్రం పచ్చగా మిగిలితే, దాన్ని నాలుగంగుళాల ముక్కలుగా కోసి, రెండు రోజులు ఆరబెట్టి ఇసుకలో గుచ్చవచ్చు. ఏది కింద, ఏది పైన అన్నది గుర్తు పెట్టుకోండి, తలకిందులుగా గుచ్చితే వేళ్లు రావు. వేళ్లకి నెలన్నర, రెండు నెలలు, పిలకకి ఇంకా కొన్ని నెలలు పడుతుంది. ఇంకో నిరాశ కూడా ఉంది: పసుపు అంచు ఉన్న రకం ఆకుముక్క నుంచి వచ్చిన పిలకకి ఆ పసుపంచు రాదు, ఉత్త ఆకుపచ్చగా వస్తుంది. అంచు కావాలంటే దుంపనే విడదీయాలి. నా మొక్కకి ఆకులే మిగిలాయి. ఇప్పుడు మా ఇంట్లో ఉన్నది అంచులేని పిలక, జానెడు ఉంటుంది.

9. వద్దనుకుంటే ఎలా వదిలించుకోవాలి

ఖాళీ స్థలంలోనో చెరువు గట్టునో విసిరేయకండి. చిన్న దుంపముక్క చాలు, పాకిపోతుంది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో ఇలా పెరటి చెత్తతో బయటపడి పొదల్లో కలుపు మొక్కై కూర్చుంది. కంపోస్టులో వేయాలన్నా అలాగే వేయకండి, ఏడాదికి కూడా మట్టి అవదు. ఇందులో అంత గట్టి నార ఉంది. మన దగ్గర పెరిగే చాగ దీనికి దగ్గరి చుట్టమే. సంస్కృతంలో మూర్వ. ఆ నారతో పేనిన అల్లెతాడునే మౌర్వి అన్నారు. విల్లు వంచే నార వానపాములకి అంత తొందరగా లొంగదు. దుంపను ముక్కలు చేసి రెండు వారాలు ఎండలో వడియాల్లా ఎండబెట్టండి. ఆకుల్ని అంగుళం ముక్కలుగా తరిగి, అప్పుడు కంపోస్టులో వేయండి.

బాగున్న పిలకలైతే ఎవరికైనా ఇచ్చేయవచ్చు. ఇచ్చేటప్పుడు పిల్లి ఉందా అని అడగండి, ఒక కొబ్బరి ఈనె కూడా చేతిలో పెట్టండి.